పొగ పట్టిన నీడ గడియారం

నాకు కోపం ఎక్కువని మా బంధువులందరూ అంటారు. అమ్మ ఒక్కతే "కోపం కాదు, తొందర" అని సర్దిచెబుతుంది. ఏదైతేనేం, ఆ రోజు పార్కులో పదిమందీ చూస్తుండగా మా మామయ్య తెచ్చిన డాల్ఫిన్ బొమ్మ మీది కాగితాన్ని పరపరా చింపేశాను. అది కోపంతో చేసిన పని కాదంటే మామయ్య ఇప్పటికీ నమ్మడు. అందుకని మొదటినుంచీ చెప్పుకొస్తాను, మీరే తేల్చండి.

మా నాన్నది గడియారాల రిపేరు కొట్టు. కొట్టంటే ఎంత, నలుగురు లోపల నిలబడితే ఐదోవాడు రోడ్డు మీద ఉండాల్సిందే. ఆ దారిన పోయే ప్రతివాడూ గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి "టైమెంతయిందండీ?" అని అడిగేవాడు. కంటికి భూతద్దం తగిలించుకుని ఎంత చిక్కు పనిలో ఉన్నా నాన్న తలెత్తేవాడు. గోడ మీదున్న గడియారాలన్నిటిలోకీ తను నమ్మిన ఒక్కదాన్ని చూసి, నిమిషాలతో సహా చెప్పేవాడు. చెప్పి మీసం కింద చిన్నగా నవ్వుకునేవాడు. ఆ టైమేదో ఆయన స్వయంగా ఇంట్లో వండి పంచిపెడుతున్నట్టు ఉండేది ఆ మొహం.

తర్వాత అందరి జేబుల్లోకీ ఫోన్లొచ్చాయి. రిపేర్లు తగ్గిపోయాయి. దానికి నాన్న పెద్దగా బాధపడలేదు. టైము అడిగేవాళ్ళు లేకుండా పోయారు, దానికి మాత్రం బాధపడ్డాడు. కొట్టు మూసేశాక హాల్లో కుర్చీ వేసుకుని వీధిలోకి చూస్తూ కూర్చునేవాడు. అమ్మకు జాలేసి వంటింట్లోంచి "ఏవండీ, టైమెంతయిందీ?" అని కేకేసేది.

"నీ నెత్తిమీదే ఉందిగా గోడ గడియారం" అనేవాడు నాన్న.

"అది నడవట్లేదండీ."

"నిన్ననేగా బాగుచేశాను!"

అమ్మకు అబద్ధం ఆడటం రాదు. ఆడినా అతకదు.

ఆ దిగుల్లోంచి పుట్టింది నీడ గడియారం. మా వీధి చివర పార్కులో విరిగిపోయిన బెంచీ తీసేయగా ఒక మూల ఖాళీగా ఉంది. అక్కడ గుండ్రటి రాతి బిళ్ళ ఒకటి పరిచి, దాని మధ్యలో ఏటవాలుగా ఒక ఇత్తడి రేకు నిలబెట్టాడు నాన్న. రేకు నీడ రాయి మీద పడుతుంది. పొద్దుతో పాటు నీడా జరుగుతుంది. ఏ గంటకు ఎక్కడుందో అక్కడ గీత. చెప్పడానికి ఇంతే. గీయడానికి మాత్రం ఆయనకు దాదాపు ఏడాది పట్టింది. ఎండలో టోపీ పెట్టుకుని, చేతిలో సుద్దముక్కతో రాయి పక్కన గొంతుక్కూర్చునే నాన్నను చూసి పార్కులో నడకకు వచ్చేవాళ్ళు కాస్త దూరంగా తిరిగిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

అసలు చీమ మా మామయ్య. అమ్మకు సొంత తమ్ముడు. ఆయనది సిమెంటు బొమ్మల వ్యాపారం. నోరు తెరిచిన సింహాలు, చెత్త వేసుకునే పుట్టగొడుగులు, మెడ విరిగిన హంసలు, అన్నీ ఆయన చేతి చలవే. హంసలకు మెడ మొదట్లో బాగానే ఉంటుంది, తర్వాతే విరుగుతుంది. ఆయన కన్ను కూడా ఆ మూల మీదే పడింది. నోట్లోంచి నీళ్ళు చిమ్మే డాల్ఫిన్‌ను అక్కడ నిలబెడతానని పట్టుబట్టాడు. నీళ్ళ గొట్టం ఆ పక్కనుంచే పోతోందట.

"బావా, నీ గడియారానికి బ్యాటరీ ఎక్కడ పెట్టావ్?" అనేవాడు మా ఇంటికొచ్చి, కాళ్ళు బార్లా చాపుకుని.

"నీ డాల్ఫిన్‌కి బుర్ర ఎక్కడ పెట్టావో అక్కడే" అనేవాడు నాన్న.

"రాత్రిపూట చూడాలంటే?"

"రాత్రిపూట నిద్రపోవాలిరా. మీ అక్కనడుగు, చెబుతుంది."

పైకి వేళాకోళంగానే ఉండేది కానీ లోపల ఇద్దరికీ పంతమే. చివరికి పార్కు మేడమ్ తీర్పు చెప్పింది. ఆవిడ పార్కుల అధికారి. గొడుగు లేకుండా బయటికి రాదు, ఒక మాట రెండుసార్లు చెప్పదు. "గడియారం అంటున్నారు కదా, నేనొచ్చి చూస్తాను. టైము చూపిస్తే ఉంటుంది. చూపించకపోతే రాయి తవ్వేసి డాల్ఫిన్ పెట్టిస్తాను. ఏ రోజు రమ్మంటారో మీరే చెప్పండి. ఈ వారంలో అయితేనే, తర్వాత నాకు బదిలీ" అంది.

ఇక్కడ నేను రంగంలోకి దిగాను. దిగకుండా ఉంటే ఎంత బాగుండేది!

నేను ఉపగ్రహం తీసిన ఫొటోలను శుభ్రం చేసే ఆఫీసులో పనిచేస్తాను. పైనుంచి రోజూ ఫొటోలొస్తాయి. వాటిలో అడ్డొచ్చిన మబ్బుల్ని తీసేసి, కింద నేలంతా కనబడేలా అతికి, అడిగినవాళ్ళకు పంపుతాం. మా పెద్దసారుకు బొమ్మ నీట్‌గా ఉండాలి. బొమ్మే కాదు, బల్ల నీట్‌గా ఉండాలి, పెన్నులన్నీ ఒకే వైపు తిరిగి ఉండాలి. ఆయన్ని మేమందరం చాటుగా నీట్‌గారు అంటాం. ఆయన పెట్టించిన పద్ధతి ఒకటుంది. నేలకు అడ్డంగా తెల్లగా ఏది కనబడినా కంప్యూటర్ దాన్ని మబ్బు అనుకుని పీకేసి, ఆ ముక్క స్థానంలో అంతకు ముందు బాగా కనబడిన రోజు ముక్క తెచ్చి అతికిస్తుంది. బొమ్మ కింద మాత్రం ఇవాళ్టి తేదీయే పడుతుంది. చూడటానికి భూమి అప్పుడే తలంటుకున్నట్టు తళతళా మెరుస్తూ ఉంటుంది.

అంత పెద్ద భూమిని రోజంతా చూసే మేము కిటికీలోంచి బయటికి మాత్రం చూడం. తెరల మీద ఎండ పడకూడదని కిటికీలకు మందపాటి పరదాలు వేయించారు నీట్‌గారు. ఏసీ చల్లగా తిరుగుతుంటుంది. బయట వానొచ్చినా మాకు తెలిసేది తడిసిన గొడుగుల వల్లనే.

"అమ్మాయ్, ఏ రోజు పెట్టుకోమంటావ్?" అని నాన్న అడిగితే నేను మా బొమ్మ తెరిచి చూశాను. ఊరికి పడమరగా కొండలు, వాటి మీద అడవి, అన్నీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి.

"గురువారం పెట్టేసుకోండి నాన్నా. చుట్టుపక్కల మబ్బు తునక లేదు" అన్నాను మహా ధీమాగా. మబ్బులు పీకేసిన బొమ్మలో మబ్బెక్కడుంటుందన్న ఆలోచనే రాలేదు నాకు.

నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. కూరల బండి దగ్గర, మందుల షాపులో, ఆఖరికి మామయ్యకు కూడా. "మా అమ్మాయి పైనుంచి చూసి చెప్పింది" అని. నడిచేటప్పుడు కూడా అప్పుడప్పుడూ తలెత్తి ఆకాశం వైపు చూసేవాడట, నేనక్కడ కూర్చుని ఉన్నట్టు.

మామయ్య ఊరుకుంటాడా? "అయితే నేనూ గురువారమే డాల్ఫిన్‌ని లారీలో తీసుకొస్తా బావా. నీది పనిచేయకపోతే అక్కడికక్కడే దింపేస్తా, రెండోసారి బాడుగ ఎందుకు?" అన్నాడు.

బుధవారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"ఒసేయ్, మేడ మీద దుప్పట్లు ఆరేశానే. వాటి మీద మసి రాలుతోంది. ఎండ కూడా అదోలా ఉంది, రాగిచెంబు రంగులో. ఎక్కడో అడవి అంటుకుందట కదా?"

నేను తెర వైపు చూశాను. ఇవాళ్టి తేదీ, పచ్చటి కొండలు. "ఏం లేదమ్మా. ఉపగ్రహంలో పొగే కనబడట్లేదు. పక్కింటివాళ్ళు ఏదైనా తగలబెడుతున్నారేమో చూడు."

"మరి ఈ మసి మీ ఉపగ్రహంలోంచి రాలిందా?" అని ఫోన్ పెట్టేసింది.

కోపమొచ్చింది. చదువుకుని, ఉద్యోగం చేస్తూ, ప్రపంచమంతా పైనుంచి చూసే నాకు మేడ మీది దుప్పట్లు పాఠం చెప్పడమా అనుకున్నాను. ఆ విసురుతోనే లేచి వెళ్ళి కిటికీ పరదా లాగాను.

బయట లోకమంతా టీ రంగులో ఉంది. ఎదుటి మేడ అంచులు మసగ్గా ఉన్నాయి. సూర్యుడు ఎర్రటి బొట్టుబిళ్ళలా వేలాడుతున్నాడు. కళ్ళార్పకుండా సూర్యుణ్ణి చూడగలగడం నాకు అదే మొదటిసారి. వెనక్కి తిరిగి చూస్తే నా తెర మీద అడవి ఇంకా పచ్చగానే ఉంది.

పరుగున వచ్చి అతకని అసలు ఫొటోలు తెరిచాను. కొండల మీదనుంచి మా ఊరి దాకా పొగ పాయలు పాయలుగా పరుచుకుని ఉంది. కొండల మీద నాలుగు రోజులుగా ఉంది, ఇవాళ నేను ఆఫీసుకొచ్చాక ఊరి మీదికి దిగింది! మా కంప్యూటర్ దాన్ని మబ్బనుకుని శ్రద్ధగా పీకేసి, వారం కిందటి పచ్చదనం తెచ్చి అతికిస్తోంది. దానికి మబ్బుకీ పొగకీ తేడా తెలీదు. తేడా ఉంది మరి. మబ్బులో నీటి బొట్లు కాస్త పెద్దవి, అవి ఏ రంగు వెలుగునైనా ఒకేలా చెదరగొడతాయి. అందుకే మబ్బు తెల్లగా ఉంటుంది. పొగలో నలుసులు మరీ చిన్నవి. అవి నీలం వెలుగుని పట్టుకుని ఎటుపడితే అటు విసిరేస్తాయి, ఎరుపు జోలికి అంతగా పోవు. అందుకే పొగలోంచి చూస్తే సూర్యుడు ఎర్రగా కనబడతాడు. ఉపగ్రహం రంగురంగులకు విడివిడిగా ఫొటో తీస్తుంది. నీలం ఫొటోలో చూస్తే అంతా పొగే, కొండ అన్నదే లేదు. ఎరుపులో చూస్తే కొండలు లీలగా కనబడ్డాయి. ఎరుపు దాటిన తర్వాత, మన కంటికి ఆనని వెలుగు ఒకటుంది. దానిలో చూస్తే పొగ దాదాపు మాయమైంది, మంటల అంచు మెలికలు తిరుగుతూ స్పష్టంగా కనబడింది.

ఫొటోలు పట్టుకుని నీట్‌గారి గదిలోకి దూసుకుపోయాను. ఆయన పెన్నులు సర్దుకుంటున్నారు.

"సర్, పొగను మనమే తుడిచేస్తున్నాం!"

ఆయన నా చేతిలోని ఫొటో చూసి మొహం చిట్లించారు. "ఛీ, ఏంటమ్మా ఇంత మురికిగా ఉంది? మన బొమ్మ చక్కగా ఉందిగా."

"బొమ్మ చక్కగానే ఉంది సర్. భూమే బాలేదు."

"పొగ పెట్టి పంపితే తీసుకునేవాళ్ళు ఏమనుకుంటారు? కొంచెం ఆలోచించు."

ఆయన ఆ మాట అంటుండగానే బల్ల మీద ఫోన్ మోగింది. అటునుంచి ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, నాకు కూడా వినబడేంత గట్టిగా. మంటలార్పే శాఖవాళ్ళు. "ఏమండీ, మీరు పంపిన బొమ్మలో ఇక్కడ అడవి పచ్చగా ఉంది. మేము దాని మధ్యలో నిలబడి దగ్గుతున్నాం. మాకు నిజం బొమ్మ పంపిస్తారా, లేక మమ్మల్నీ తుడిచేస్తారా?"

నీట్‌గారు ఫోన్ చెవికి దూరంగా పట్టుకుని నా వైపు చూశారు. నేను ఇంకేం మాట్లాడకుండా వెళ్ళి, మంటల అంచు కనబడే ఫొటోలన్నీ తీసి వాళ్ళకు పంపించాను. అడవిలో ఊళ్ళు లేవు, మంట రెండు వైపులా అదుపులోకి వచ్చిందని సాయంత్రానికి కబురొచ్చింది. ఆ భయమైతే తీరింది. అప్పుడు గుర్తొచ్చింది, రేపు గురువారం.

నీడ పడాలంటే వెలుగు ఒక్కచోటు నుంచే రావాలి. ఈ పొగేమో సూర్యుడి వెలుగును పట్టుకుని ఆకాశమంతా చిమ్మేస్తోంది. అన్ని వైపులనుంచీ వెలుగొస్తే ఇక నీడెక్కడ? బస్సు దిగి ఇంటికి నడుస్తూ నా కాళ్ళ కింద చూసుకున్నాను. నా నీడే లేదు.

ఇంటికెళ్ళేసరికి నాన్న ఇత్తడి రేకును నిమ్మచెక్కతో తోముతున్నాడు. తీసి తెచ్చాడట, తళతళలాడాలని. మామయ్య ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్నాడు. "డాల్ఫిన్‌కి ఎర్ర జెలటిన్ పేపరు చుట్టించానక్కా. పూలబొకేకి చుడతారే, ఆ మెరుపు కాగితం. మేడమ్‌గారు తన చేత్తో విప్పాలి" అంటున్నాడు అమ్మతో.

నేను గుమ్మంలోనే నిలబడి చెప్పేశాను. "నాన్నా, నేను తప్పు చెప్పాను. మా బొమ్మలో పొగ తుడిచేసి ఉంది. రేపు నీడ పడదు."

మామయ్య కాఫీ కప్పు కింద పెట్టాడు. అమ్మ దుప్పట్ల సంగతి ఎత్తుతుందేమో అనుకున్నాను, ఎత్తలేదు. నాన్న రేకు తోమడం ఆపి కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ ఎర్రటి వెలుగు ఆయనకు మధ్యాహ్నం నుంచీ కనబడుతూనే ఉండాలి కదా. రోజంతా ఎండను చూసే మనిషి.

"నువ్వు చూసి చెప్పావుగా, రేపటికి తేలిపోతుందేమో అనుకున్నా" అన్నాడు. అని మళ్ళీ రేకు తోమడం మొదలుపెట్టాడు.

తన కళ్ళను పక్కనపెట్టి నా మాట నమ్మాడాయన. తిట్టినా బాగుండేది. నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

గురువారం పొద్దున పొగ ఇంకాస్త చిక్కబడింది. పార్కులో చెట్లన్నీ పాత ఫొటోలో చెట్లలా ఉన్నాయి. మామయ్య లారీ అప్పటికే వచ్చేసింది. నాన్న గడియారానికి నాలుగడుగుల దూరంలో డాల్ఫిన్‌ను దింపి నిలబెట్టారు. ఒళ్ళంతా ఎర్ర కాగితం, తోక దగ్గర బంగారు రంగు రిబ్బను, పైన కాగితం అంచులు గాలికి గలగలలాడుతున్నాయి. నడకకు వచ్చినవాళ్ళందరూ దాని చుట్టూనే మూగారు. నాన్న తెల్లచొక్కా వేసుకుని, రేకు మళ్ళీ బిగించి, రాతిబిళ్ళను తువ్వాలుతో తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. తుడిస్తే నీడొస్తుందా? నాకు చూడబుద్ధి కాలేదు.

పార్కు మేడమ్ వచ్చింది. ఎండ లేకపోయినా గొడుగు మాత్రం ఉంది. రాయి చుట్టూ ఒకసారి తిరిగింది, వంగి చూసింది.

"నీడ ఏదండీ?"

"ఉంటుంది మేడమ్..." అన్నాడు నాన్న.

"నాకు కనబడట్లేదు."

మామయ్య ఊరుకోలేదు. "ఎందుకుండదు మేడమ్, ఉంటుంది. మా బావది కొత్తరకం గడియారం, అడిగితేనే చెబుతుంది. బావా, నువ్వైనా అడగవయ్యా దాన్ని!"

నలుగురూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. "ఇంత పొగలో పెట్టుకున్నారేంటండీ? వేరే రోజు చెప్పాల్సింది కదా. రేపు నేను చార్జి అప్పగించి వెళ్ళిపోతున్నాను, మళ్ళీ రాలేను. ఈ రోజే బాగుంటుందని ఎవరు చెప్పారు మీకు?"

నాన్న నా వైపు చూడలేదు. కనీసం కనుకొసలతోనైనా చూడలేదు.

"ఎవరూ చెప్పలేదు మేడమ్. నేనే అనుకున్నాను" అన్నాడు.

మామయ్య నవ్వు ఆగిపోయింది. ఆయనకు తెలుసుగా ఎవరు చెప్పారో, ఊరంతటికీ తెలుసు. నా కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అక్కడ ఏడిస్తే నాన్న పరువు మరింత పోతుందని గబగబా వెళ్ళి డాల్ఫిన్ వెనక్కి నక్కాను. సిమెంటు బొమ్మ చాటున నిలబడి ఏడవాల్సిన రోజొచ్చిందే అని ముక్కు చీదుకుంటూ తలెత్తాను. గాలికి లేచిన ఎర్ర కాగితం అంచు నా మొహానికి అడ్డంగా వచ్చి పడింది. విసుగ్గా తోసేయబోయి, ఆగిపోయాను.

కాగితంలోంచి అంతా ఎర్రగా కనబడుతోంది. నాన్న తెల్లచొక్కా ఎర్రగా ఉంది, గొడుగు నల్లగా ఉంది, రాయి ఎర్రగా ఉంది. రాయి మీద ఒక గీత ఉంది. నాన్న గీసిన గీత కాదు, దానికంటే మందంగా ఉంది. ఇత్తడి రేకు మొదలునుంచి అంచు దాకా వాలుగా పడి ఉంది.

కాగితం పక్కకు తీశాను, గీత పోయింది. అడ్డం పెట్టాను, వచ్చింది.

ఓరి నా తెలివి తగలెయ్య! నిన్నంతా ఆఫీసులో నేను చేసింది ఇదే కదా. నీలంలో చూస్తే కొండ లేదు, ఎరుపులో చూస్తే ఉంది. ఆకాశమంతా చిమ్మిన వెలుగులో ఎక్కువ పాలు నీలం, పచ్చ. సూర్యుడి నుంచి నేరుగా దిగుతున్న కాస్త వెలుగూ ఎరుపు. ఆ ఎరుపును మాత్రమే రానిచ్చే కాగితం కళ్ళకు అడ్డం పెట్టుకుంటే చిమ్మిన వెలుగు ఆగిపోయి, నీడ బయటపడుతుంది. ఉపగ్రహానికి తెలిసిన కిటుకు డాల్ఫిన్ బట్టల్లో దొరికింది నాకు.

ఇక ఆగానా? తోక దగ్గర రిబ్బను తెంపి, కాగితాన్ని కిందినుంచి పైదాకా పరపరా చింపేశాను.

"ఓసి రాక్షసీ! నా డాల్ఫిన్!" అని మామయ్య రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "అక్కా, చూడవే నీ కూతురు ఏం చేస్తోందో! ఓడిపోయామని ఇంత కోపమా?"

"కోపం కాదురా, తొందర" అంది అమ్మ అలవాటుగా. అయితే ఈసారి ఆవిడ గొంతులోనూ నమ్మకం లేదు.

నేను పెద్ద ముక్కొకటి తీసుకెళ్ళి నాన్న కళ్ళ ముందు పట్టుకున్నాను. "రాయి మీద చూడండి నాన్నా."

ఆయన చూశాడు. కాగితం మీద పడిన ఆయన ఊపిరి ఆవిరి కట్టింది. తర్వాత ఒక వేలు చాపి, గాలిలోనే ఆ నీడ వెంబడి మెల్లగా గీశాడు, మొదలునుంచి చివరిదాకా. ఆయన గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది. కొట్టులో ఆగిపోయిన గడియారం మళ్ళీ కొట్టుకున్నప్పుడు ఆయన చేసే శబ్దమది. దాన్ని విని ఎన్నేళ్ళయిందో!

"మేడమ్‌గారూ, ఇలా రండి" అన్నాడు.

మేడమ్ గొడుగు మూసి అమ్మకిచ్చి, కాగితం అందుకుని వంగింది. "అరె!" అంది. కాగితం తీసి చూసి, మళ్ళీ పెట్టి చూసింది. "పదిన్నర గీత మీదుంది!" తన ఫోన్ తీసి చూసుకుని మళ్ళీ అంది, "నా ఫోన్లో ఇంకో నాలుగు నిమిషాలు ఎక్కువుందే?"

"మీ ఫోన్ దేశం మొత్తానికి కలిపి ఒక్కటే టైము చెబుతుంది మేడమ్" అన్నాడు నాన్న వినయంగా. "ఇది ఈ పార్కు టైము."

అంతే, జనం డాల్ఫిన్ మీద పడ్డారు. తలొక ముక్కా చింపుకున్నారు. ఒక్క నిమిషంలో దానికి తొక్క మిగల్లేదు. అందరూ కళ్ళకు ఎర్ర కాగితాలు పెట్టుకుని రాయి చుట్టూ వంగి, "ఉందిరో", "ఏదీ, జరగండి", "మీ తల అడ్డమండీ" అంటున్నారు. అమ్మ తన ముక్కలోంచి రాయిని చూసి, నాన్నను చూసి, తర్వాత మామయ్య వైపు తిరిగింది. "ఒరేయ్, నువ్వు కూడా ఇందులోంచి ఎర్రగా కళకళలాడుతున్నావురా" అంది.

మామయ్య ఒంటరిగా డాల్ఫిన్ పక్కన నిలబడి ఉన్నాడు. కాగితం పోయాక దాన్ని చూస్తే నాకే మనసెలాగో అయింది. ఒక కన్ను పైకి, ఒక కన్ను కిందికి ఉన్నాయి. మూతి బల్లపరుపుగా ఉంది. మేడమ్ కూడా అటు చూసి "బాతు బాగుందండీ" అంది.

"డాల్ఫిన్ మేడమ్."

"ఓ." ఆవిడ ఒక మాట రెండోసారి చెప్పే మనిషి కాదు కదా, మళ్ళీ బాతు అనలేదు. "పిల్లలు ఆడుకునేవైపు పెట్టించండి, అక్కడా నీళ్ళ గొట్టం ఉంది. గడియారం మాత్రం ఇక్కడే ఉంటుంది. దానికి ఒక ఎర్ర అద్దం గొలుసుతో కట్టించండి." అమ్మ చేతిలోంచి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

జనం మెల్లగా పలచబడ్డారు. నేను మామయ్య దగ్గరికి వెళ్ళి "సారీ మామయ్యా, కోపంతో చింపలేదు" అన్నాను. "ఎవరికి చెబుతావే" అన్నాడు. అని, కింద పడి ఉన్న కాగితం ముక్కొకటి తీసుకుని, దుమ్ము దులిపి, నాన్న దగ్గరికి నడిచాడు. నాన్న ఇంకా రాయి పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. మామయ్య ఆయన పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆయన చేతికి బంగారు పూత గడియారం ఉంది. చొక్కా జేబులో ఒక ఫోన్, ప్యాంటు జేబులో ఇంకో ఫోన్ ఉన్నాయి.

"బావా" అన్నాడు.

"ఏంట్రా?"

"టైమెంతయింది?"

చేతికున్నది ఏంటి మరి అనబోయాను. అమ్మ నా జబ్బ మీద గట్టిగా గిల్లింది.

నాన్న తలెత్తి మామయ్యను చూశాడు. ఆయన చేతిలోంచి ఎర్ర కాగితం తీసుకుని కంటికి పెట్టుకున్నాడు, వెనకటికి భూతద్దం పెట్టుకున్నట్టే. రాయి మీదికి వంగి, అవసరమైనదానికంటే ఎక్కువసేపే చూశాడు. చూసి, నిమిషాలతో సహా చెప్పాడు.